కర్రి మెడ మీది గింజ

గేటుకు లోపలి నుంచి తాళం. తాళంచెవి బాలప్ప మొలతాడుకే ఉంది. అయినా అతను బయటికి పోలేడు.

ఇంద్రేశం ఊరు దాటగానే, ఒకప్పుడు గొర్రెలు మేసిన బీడు మీద వేసిన కొత్త వెంచరులో మొట్టమొదట లేచిన బంగళా అది. పటేలు సత్తయ్య కట్టి, పటాన్‌చెరు దగ్గరి ఒక ఫ్యాక్టరీకి కిరాయికిచ్చాడు. ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త మిషన్లు బిగించడానికి జర్మనీ నుంచి పిలిపించిన ఇంజనీరునూ, ఆయన భార్యనూ అందులో ఉంచారు. వాళ్ళకు వాచ్‌మన్ బాలప్ప. అంతకు ముందు అదే బీడు మీద సత్తయ్య గొర్రెలను కాసిన జీతగాడతను. గొర్రెలు పోయాక, బీడు మీద లేచిన ఇంటికి కాపలా కూడా అతనికే దక్కింది.

గొర్రెలు ఎట్లా పోయాయో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. వాగు నీళ్ళు ఒక ఏడు ఎర్రబడ్డాయి, మరో ఏడు నురగ కట్టాయి. తాగిన గొర్రె కడుపుబ్బి కాళ్ళు చాపేది. మిగిలిన వాటిని సత్తయ్య లారీ ఎక్కించి అంగడికి తోలాడు. మందలో చివరికి మిగిలింది కుక్క ఒక్కటే. నల్లది, గొంతు కింద మాత్రం అరచేయంత తెలుపు. బాలప్ప దాన్ని కర్రి అని పిలిచేవాడు. మంద పోయిన రోజు అది లారీ వెంట బొంబాయి రోడ్డు దాకా ఉరికి, పొద్దు వాలాక కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కొత్తగా లేస్తున్న బంగళా గేటు ముందర పడుకుంది.

ఇంజనీరు భార్య పేరు ఉర్సులా. బాలప్ప నోట్లో ఆమె ఉర్సులమ్మ అయింది. ఆమె నోట్లో కర్రి క్యారీ అయింది. ఒకరిని ఒకరు దిద్దుకోలేదు. కర్రి ఒకసారి వాగుకు పోయి ఆ నీళ్ళే తాగి వచ్చి, నోట్లో నురగతో మెట్ల మీద పడిపోతే, బాలప్ప గుంత తవ్వడానికి పార వెతుకుతున్నాడు. ఆమె మాత్రం కుక్కను ఒళ్ళో వేసుకుని కారు ఎక్కింది. పట్నంలో పశువుల డాక్టరు సెలైన్ పెడుతుంటే దాని తల పక్కన నేల మీదే కూర్చుందట. మూడో రోజు కర్రి తన కాళ్ళ మీద తాను నడిచి కారు దిగింది. ఆనాటి నుంచి బాలప్ప ఆమె ముందు పారను ఎప్పుడూ చేతిలోకి తీసుకోలేదు.

మిషన్ల పని అయిపోవస్తుండగా ఒక పొద్దున డ్రైవర్ యాదగిరి కారు కడుగుతూ అన్నాడు.

"బాలప్పన్నా, మేడం నీ కర్రిని తోల్కపోతదట. జర్మనీకి."

బాలప్ప చీపురు ఆపాడు. "గాడ గొర్లున్నయా?" అని అడిగాడు.

యాదగిరి లోపలికి పోయి తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగి వచ్చాడు. "ఉన్నయట. శానా ఉన్నయట. వాళ్ళ తమ్మునికే ఉన్నయట."

"ఇగ తోల్కపొమ్మను," అన్నాడు బాలప్ప.

తోలుకుపోవడం అంత తేలికైన పని కాదని తరువాత తెలిసింది. మనిషి విమానం ఎక్కడానికి ఉన్న కాయిదాల కంటే కుక్కకే ఎక్కువ కావాలి. ముందు దానికి నంబరు వేయాలి. ఆ మీద పిచ్చి రాకుండా సూది వేయాలి. నెల గడిచాక నెత్తురు తీసి ఆ దేశానికే పంపాలి. ఆ నెత్తురు మంచిదని అక్కడి వాళ్ళు రాసినా సరే, తీసిన నాటి నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలల్లో వేరే కుక్క దాన్ని కొరికితే అంతా మళ్ళీ మొదటికే.

నంబరు వేయించడానికి పోయిన రోజు బాలప్ప బంగళా దగ్గరే ఉన్నాడు. తిరిగి వచ్చాక కర్రి చెవులు రెండూ తిప్పి తిప్పి చూశాడు. లోను మీద వచ్చిన బర్రెలకు ఆఫీసు వాళ్ళు చెవికి బిళ్ళ కొట్టిపోవడం అతనికి తెలుసు. కర్రి చెవులకు బిళ్ళా లేదు, రంధ్రమూ లేదు.

"నంబర్ ఏడ ఏసిండ్రు?"

"నన్నడుగుతవేందన్నా? నేను బయట కారు కాడ ఉన్న. ఏసిండ్రని మేడం చెప్పింది," అన్నాడు యాదగిరి.

కాయిదం మీద వేసి ఉంటారులే అనుకుని బాలప్ప ఆ సంగతి అంతటితో వదిలేశాడు.

నెత్తురు తీసిన వారానికే ఇంజనీరు పని ముగిసింది. దొరా, అమ్మా వెళ్ళిపోవాలి. గడువు తీరాక ఆమె ఒక్కతే వచ్చి కుక్కను తీసుకుపోతుంది. పోయే రోజు ఆమె గేటు తాళంచెవిని బాలప్ప అరచేతిలో పెట్టి, రెండు చేతులతో అతని గుప్పిట మూసింది. ఆమె చెప్పింది యాదగిరి తెలుగులో చెప్పాడు.

"అది గేటు దాటొద్దట. నువ్వు సుత దాటొద్దట. నువ్వు పోతే అది ఎనకనే గోడ దుంకుతదట."

ఆ మాట నిజమే. ఒకసారి బాలప్ప బీడీల కోసం వీధి చివరి దాకా పోతే, గోడ మీద నాటిన సీసపెంకుల మీదుగానే కర్రి దూకి వచ్చింది. పాదం చీలింది. అందుకే బాలప్ప వాదించలేదు. సరే అన్నాడు. అతను సరే అన్నాడంటే అది గుంజ పాతినట్టే.

ఆ ఎండాకాలం అట్లా మొదలైంది.

బంగళా చుట్టూ నిలువెత్తు గోడ. గోడ మీద సీసపెంకులు. పొద్దెక్కితే పెంకులు ఎండకు మెరిసి కళ్ళు మూయించేవి. పొద్దు గుంకితే ఫ్యాక్టరీల వైపు నుంచి కుళ్ళిన గుడ్డు వాసన గాలి వచ్చి గోడల నడుమ నిలిచేది. నీళ్ళు ట్యాంకరు తెచ్చేది. బియ్యమూ, పాలూ యాదగిరి తెచ్చి గేటు సందులోంచి ఇచ్చేవాడు. కర్రి గోడ వెంబడే తిరిగి తిరిగి గడ్డిలో బాట పడింది. కొన్నాళ్ళకు బాలప్ప కూడా తనకు తెలియకుండానే ఆ బాట మీదే నడవసాగాడు. కుక్క ముందు, మనిషి వెనక. మందకు పోయినట్టే పోయి, గేటు దగ్గరికి వచ్చి ఆగేవారు. ఎదురుగా మంద లేదు. బయట వెంచరు కుక్కలు నాలుగైదు నాలుకలు వేలాడేసుకుని లోపలికి చూసేవి. బాలప్ప కట్టెతో గేటు మీద కొట్టేవాడు. అవి కొంచెం దూరం జరిగి మళ్ళీ కూర్చునేవి. ఎవరు ఎవరిని చూడడానికి వచ్చారో తెలియని జాతరలా ఉండేది.

ఎప్పుడైనా మేకలు వీధి వెంట పోతే కర్రి గేటుకు ముక్కు ఆనించి సన్నగా ఏడ్చేది. బాలప్ప ఏడవలేదు. కానీ ఆ గజ్జెల చప్పుడు మూల మలుపు తిరిగిపోయేదాకా అతనూ గేటు ఊచలు పట్టుకునే ఉండేవాడు.

భార్య మల్లవ్వ వారానికోసారి వచ్చేది. ఇంద్రేశంలో పొలాలన్నీ ప్లాట్లు అయ్యాక కూలి దొరకక ఆమె హత్నూర దగ్గరి తల్లిగారి ఊరికి పోయి, తమ్ముడు నర్సన్న దగ్గర పని చేసుకుంటోంది. నర్సన్నకు మంద ఉంది. అటు వైపు చెరువు నీళ్ళు ఇంకా మనుషులే తాగుతున్నారు.

"ఏమయ్యా, జైలు కూడు ఒంటవట్టినట్టున్నది. నిగనిగలాడుతున్నవ్," అని జొన్నరొట్టెల మూట విప్పేది.

"మిరుగం దాకనే కదనే."

"నర్సన్న సుత మిరుగం దాకనే ఆగుతనన్నడు. వానలు వడ్డంక మందను ఇడిసి నీ కోసం కూసుంటడా? అప్పటికి నువ్వు రాకుంటే ఇంకో మనిషిని వెట్టుకుంటడట. ఖచ్చితంగ చెప్పిండు."

"వస్త."

"ఎప్పుడడిగినా గదే మాట. నోట్ల ఉన్నదే రెండు మాటలాయె. ఒకటి సరే, ఒకటి వస్త."

బాలప్ప రొట్టె తుంచి సగం కర్రికి వేశాడు. తొలివానల మిరుగం కార్తె వచ్చేనాటికి కుక్క పోతుంది, తానూ పోతాడు. గోడల నడుమ ఎండలో కూర్చుని అతను రోజూ అనుకునేది ఆ ఒక్కటే. నర్సన్న మంద ఎట్లా ఉంటుందో, నల్లవి ఎక్కువో ఎర్రవి ఎక్కువో, ముందు నడిచే పొట్టేలు ఏ వైపు మళ్ళుతుందో అనుకుంటూ సాయంత్రం చేసేవాడు.

సాయంత్రాలు కర్రి ఒళ్ళు తడమడం అతనికి మంద నాటి అలవాటు. గొర్రెలు కాసేవాడికి కళ్ళ కంటే ముందు వేళ్ళు చూస్తాయి. బొచ్చు కింద ఏముందో కళ్ళకు తెలియదు. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో వేళ్ళు పోనిచ్చి నెత్తురు పీల్చే గోమార్లను పట్టి గోటి మీద నలిపేవాడు. కర్రి కళ్ళు మూసుకుని ఒరిగిపోయేది.

ఒకనాడు, భుజాలు రెండూ కలిసే చోట, తోలు కింద ఏదో వేలికి తగిలి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. బియ్యపు గింజంత ఉంది. గట్టిగా ఉంది. గోమారి కాదు, గోమారి తోలు పైన ఉంటుంది. గడ్డ కాదు, గడ్డ జరగదు. ఇది వేలి కింద అటూ ఇటూ జరుగుతోంది.

బాలప్ప చేయి అక్కడే ఆగింది.

బీడు మీద ఎండిన గడ్డికి సూదుల్లాంటి గింజలుంటాయి. ఉన్నిలో చిక్కుకుని, తోలులో దిగి, లోపల్లోపలే నడుస్తాయి. ఒకసారి ఈనవలసిన గొర్రె ఒకటి మేస్తూ మేస్తూనే చిక్కిపోయింది. చచ్చాక కోసి చూస్తే ఆ గింజ గుండె పక్కన, చీము మధ్యలో ఉంది. దాని మెడ మీద అది వేలికి తగిలిన రోజు బాలప్పకు గుర్తుంది. రేపు తీద్దామనుకున్నాడు. ఆ రేపటికి అది అక్కడ లేదు.

కానీ ఈ గోడల లోపలి గడ్డికి అట్లాంటి గింజలు లేవు. బాలప్ప తలెత్తి గోడ వైపు చూశాడు. పెంకులు నాటేటప్పుడు మేస్త్రీలు సీసాలు పగలగొట్టింది ఇక్కడే, ఈ గడ్డిలోనే. కర్రి రోజూ వీపు రుద్దుకుంటూ పొర్లేదీ ఇక్కడే.

రేపటిదాకా ఆగలేదు. గడ్డం గీసుకునే బ్లేడును పొయ్యి మంట మీద కాల్చాడు. కర్రి తలను మోకాళ్ళ నడుమ పట్టి, ఆ చోట బొచ్చు గొరిగి, తోలు చిటికెతో పైకి లాగి, కొనతో గీశాడు. రెండు బొటనవేళ్ళతో వొత్తాడు. కర్రి ఒక్కసారి మూలిగింది. అంతే. దానికి ఆ చేతులు తెలుసు. గింజ నెత్తురుతో పాటు జారి గోటి మీదికి వచ్చింది. ధోవతి కొంగుకు తుడిస్తే సీసపెంకులా మెరిసింది. అనుకున్నదే అయింది. కొసలు మాత్రం నున్నగా ఉన్నాయి. ఒంట్లో నానితే రాయైనా నున్నబడుతుంది అనుకున్నాడు.

గాయంలో పసుపు అద్దాడు. గింజను నేల మీద పారేయలేదు. ఒంటి నుంచి తీసిన ముల్లు నేల మీద పడితే మళ్ళీ ఏ కాలికో దిగుతుందని, మందలో తీసిన ప్రతి ముల్లునూ అతని తండ్రి దగ్గరి చెట్టు బెరడులో గుచ్చి పెట్టేవాడు. గేటు పక్కన వేపచెట్టు ఉంది. బెరడు పగుల్లో గింజను పెట్టి, బంక ముద్ద తీసి పైన మెత్తాడు. చాలా రోజుల తరువాత చేతులు చేయవలసిన పని చేసినట్టయి, ఆ పూట అన్నం రుచిగా తిన్నాడు.

వారం తిరిగి వచ్చిన మల్లవ్వ పసుపు మచ్చ చూసింది.

"దీని మెడకేమయింది?"

"సీసపెంకు దిగింది. తీసిన. అగో, యాపచెట్టుల వెట్టిన."

"డ్రైవర్‌కు చెప్పినవా?"

"ఎందుకే? ఆయన మేడంకు ఫోన్ల చెప్తడు. ఆమె ఉత్తగనే పరేషానైతది. మానిపాయె."

నిజంగానే మానిపోయింది. నెల తిరగకుండానే బొచ్చు మొలిచి మచ్చ మూసుకుపోయింది.

మిరుగం దగ్గరికొచ్చి పడమర మబ్బులు కమ్ముతున్న రోజుల్లో ఉర్సులమ్మ దిగింది. కారు డిక్కీలోంచి యాదగిరి ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టెను దించాడు. ముందు ఇనుప తీగల తలుపు. కర్రి ఉరికొచ్చి ఆమె భుజాల మీద కాళ్ళు వేసి మొహమంతా నాకింది. తరువాత పెట్టె చుట్టూ ఒక సుట్టు తిరిగి వచ్చి బాలప్ప కాళ్ళ వెనక నిలబడింది.

"గిండ్ల పడ్తదా అది?" బాలప్ప అడిగాడు.

"పడాలె. విమానంల సీటిస్తరనుకున్నవా?" అన్నాడు యాదగిరి.

మల్లవ్వ కూడా పొద్దున్నే వచ్చింది. సాయంత్రం కుక్క కారు ఎక్కగానే మొగుడిని తీసుకుని హత్నూర బస్సు ఎక్కాలని మూట కట్టుకునే వచ్చింది. మూట మీద కొత్త గొంగడి మడతపెట్టి ఉంది. "నర్సన్న వంపిండు. బావకు కప్పి తీస్కరా అన్నడు," అని చెప్పింది. బాలప్ప గొంగడి అంచును వేళ్ళతో నలిపి చూశాడు. ఉన్ని మంచిది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మంద వాసన. అతని మొహం కొద్దిగా మారింది. అతన్ని ఎరిగినవాళ్ళకే తెలిసేంత.

మధ్యాహ్నం డాక్టర్ నరసరాజు వచ్చాడు. కుర్రవాడు, తెల్ల చొక్కా, చేతిలో సంచీ. ఆ రోజు ఆయన కుక్కను చూసి చివరి కాయిదం మీద సంతకం చేయాలి. సంచీలోంచి టార్చిలైటంత మిషన్ ఒకటి తీశాడు. నంబరు వేసిన రోజు ఆ మిషన్ ఆయన దగ్గర లేదట. పట్నం మొత్తానికి ఒకటో రెండో ఉంటే ఎవరో పట్టుకుపోయి ఉన్నారట. ఇవాళ అడిగి తెచ్చాడు.

కర్రిని అరుగు మీద నిలబెట్టి మిషన్‌ను మెడ మీద జరిపాడు. చప్పుడు లేదు. మళ్ళీ జరిపాడు. భుజాల మీద, పక్కటెముకల మీద, ముందు కాళ్ళ మీద. బ్యాటరీలు తీసి వేశాడు. తన సంచీలోంచి ఇంకో కొత్త నంబరు పొట్లం తీసి దాని మీద పెడితే మిషన్ కీచుమంది. కర్రి మీద పెడితే మాత్రం మూగదైపోయింది. డాక్టరు మెడ వెనక చెమట పట్టడం బాలప్ప చూశాడు.

"ఏంది డాక్టర్ సాబ్, ఖాళీ సూది గుచ్చినవా ఏంది?" అన్నాడు యాదగిరి.

"మర్యాదగా మాట్లాడు. నా చేత్తో వేశాను."

"ఏస్తే ఏడికి పోయింది? అరిగించుకున్నదా అది?"

ఉర్సులమ్మ చిన్నగా ఏదో అంది. యాదగిరి తెలుగు చేశాడు. "'నిజం చెప్పు, నేను కోపానికి రాను' అంటున్నది మేడం. నేనైతే వస్త. నంబర్ లేకుంటే ఆ సూది, ఆ నెత్తురు, ఈ మూడు నెలలు, అంత వట్టిదే కద సాబ్? ఆమె అంత దూరం నుంచి వచ్చింది ఎందుకు?"

"అమ్మా, నేను మోసం చేయలేదు," అన్నాడు డాక్టరు. తెలుగులోనే అన్నాడు, ఆమెకు రాదన్న సంగతి మరిచి. "బియ్యపు గింజంత ఉంటుంది. గాజుది. దాంట్లోనే నంబరు. ఇక్కడ, భుజాలు కలిసే చోట తోలు కింద వేశాను."

వేపచెట్టు కింద నిలబడ్డ బాలప్ప చేతిలోంచి గొంగడి జారింది.

మల్లవ్వ చెట్టు వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. గొంగడి తీసుకునే వంకతో వంగి, అతని మోచేయి పట్టి నీళ్ళ డ్రమ్ము పక్కకు లాగింది.

"నోరు తెరువకు."

బాలప్ప చూపు అరుగు మీదే ఉంది.

"మెల్లగ ఇను. ఇగ ఇది పోదు. పోకుంటే మనతోనే వస్తది. నువ్వొస్తవ్, ఇదొస్తది. నర్సన్న గొర్ల కాడికి ముగ్గురం పోతం. దీనికి గొర్లు దొరుకుతయ్, నీకు గొర్లు దొరుకుతయ్. ఆ పట్నపోనికేంది? ఇంకో కుక్కకు సూది గుచ్చుకుంటడు."

బాలప్ప నీళ్ళ డ్రమ్ము అంచు పట్టుకున్నాడు.

"నీకు మాట్లాడరాదు కద. గా రాకపోవుడే ఇయ్యాల అక్కరకొచ్చింది. గట్లనే ఉండు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. ఏమీ చేయనక్కర లేదు. ఊరికే నిలబడితే చాలు, గేటు దానంతట అది తెరుచుకుంటుంది. మూడు నెలలు అతను కోరుకున్నదంతా, కోరుకోవడానికి భయపడ్డ కర్రితో సహా, చేతికొస్తుంది. బాలప్ప చేయి మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది.

అరుగు మీద డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని, మిషన్ పక్కన పడేసి, వేళ్ళతో కర్రి మెడంతా వెతుకుతున్నాడు. లేనిదాన్ని వెతికే వేళ్ళవి. చూసిన చోటే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాయి. ఆ వెతుకులాట బాలప్పకు తెలుసు. వాగు నీళ్ళు ఎర్రబడ్డ ఏడు, గొర్రెలు కొన్ని తాగి అవతలి గట్టున చచ్చి వరదకు కొట్టుకుపోతే, "ఏడ అమ్ముకున్నవ్ రా?" అని సత్తయ్య ఊరి నడుమ నిలబెట్టి అడిగాడు. అమ్ముకోలేదని చెప్పి, మూడు రోజులు గట్టు వెంబడి ఇట్లాగే వెతికాడు. కొట్టుకుపోవడం చూసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. నోరు మెదపలేదు. పటేలుతో మనకెందుకనుకున్నారు.

బాలప్ప భార్య చేయి విడిపించుకుని అరుగు దగ్గరికి నడిచాడు.

"యాదగిరీ, ఆయన్ని ఏమనకు. డాక్టర్ సాబ్ వెట్టిండు. నేనే తీసిన."

"ఏం తీసినవ్?"

"గింజ. సీసపెంకనుకున్న. బ్లేడుతోని కోసి తీసిన."

డాక్టరు లేచి నిలబడ్డాడు. "బ్లేడుతోనా? మెడ మీదా? నరం తెగితే చచ్చేది తెలుసా నీకు?" అని అరిచాడు. కోపంతో అరిచాడో, బతికిపోయానని అరిచాడో ఆయనకే తెలిసి ఉండదు. "ఎక్కడ పారేశావు?"

బాలప్ప వేపచెట్టు దగ్గరికి పోయి వేలు పెట్టి చూపాడు. బంక గట్టిపడి, అక్కడ ఏమైనా ఉన్నట్టే తెలియడం లేదు. డాక్టరు మిషన్‌ను బెరడు మీద పెట్టాడు.

కీచుమంది.

చిన్న అద్దంలో అంకెల వరుస ఒకటి వెలిగింది. డాక్టరు సంచీలోంచి కాయిదం తీసి అంకె వెంట అంకె చూశాడు. అన్నీ కలిశాయి. ముందు యాదగిరికి నవ్వొచ్చింది.

"ఇంకేంది మేడం, చెట్టుకు పాస్‌పోర్ట్ అయింది. దీన్నే తోల్కపోదాం. పెట్టెల పట్టదు గని."

అదే మాట ఇంగ్లీషులో కూడా చెప్పాడు. ఉర్సులమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వింది. నవ్వుతూనే చెట్టు మొదట్లో కూలబడి ఏడ్చింది. కర్రి పోయి ఆమె చెంపలు నాకింది. కొంతసేపటికి ఆమె లేచి, బాలప్ప కుడి చేయి పట్టుకుని, బొటనవేలినీ చూపుడువేలినీ తిప్పి చూసింది. ఎందుకు తీశావని అడిగింది.

"దానికి నొస్తదని," అన్నాడు బాలప్ప.

యాదగిరి ఆ మాటను ఇంగ్లీషు చేయడానికి చాలాసేపు పట్టింది. చిన్న మాటే మరి.

ఆ గింజనే తీసి మళ్ళీ లోపల పెట్టేస్తే ఎవరికి తెలుస్తుందని యాదగిరి అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి బయటికొచ్చాక ఆ నెత్తురు ఈ కుక్కదే అని నేను సంతకం పెట్టలేను. అక్కడ దిగాక కోసిన మచ్చ చూసి పట్టుకున్నారంటే కుక్కను బోనులో వేస్తారు. లేదా..." ఆ తరువాతి మాట అనలేదు. ఉర్సులమ్మ కూడా నో అంది. రెండుసార్లు అంది. కొత్త నంబరు వేయాలి. మళ్ళీ సూది, మళ్ళీ నెల, మళ్ళీ నెత్తురు, మళ్ళీ మూడు నెలలు. బతుకమ్మ పండుగ దాకా.

అరుగు మీదే డాక్టరు కొత్త గింజ వేశాడు. ఈసారి బాలప్పనే కర్రి తల పట్టుకోమన్నారు. సూది లావుది. తోలు లాగిన చోటు, తాను గీసిన చోటు పక్కనే. కర్రి అప్పటిలాగే ఒక్కసారి మూలిగింది. మిషన్ పెడితే కీచుమంది.

ఆమె యాదగిరితో మెల్లగా మాట్లాడింది. యాదగిరి ఈసారి నవ్వకుండా చెప్పాడు. "అన్నా, మేడం రేపే ఎనకకు పోవాలె. నిన్ను బలవంతం చెయ్యనంటున్నది. నువ్వు ఉండలేనంటే సిటీల కుక్కల్ని వెట్టుకునేటోళ్ళు ఉన్నరట. బోన్ల పెట్టి టైముకు అన్నం పెడతరట. నువ్వు నీ ఊరికి పోవచ్చట. ఏమంటవ్?"

బాలప్ప ప్లాస్టిక్ పెట్టె వైపు చూశాడు. తీగల తలుపు గాలికి ఊగుతోంది. కర్రి పెట్టెను చూడడం లేదు. అతన్నే చూస్తోంది.

మల్లవ్వ చెట్టు కింద గొంగడిని గుండెకు పట్టుకుని నిలబడింది. అతను ఏమంటాడో ఆమెకు అప్పటికే తెలుసు. ఉన్నవే రెండు మాటలు.

"సరే," అన్నాడు బాలప్ప.

కారు పోయింది. డాక్టరు పోతూ పోతూ బాలప్ప దగ్గర ఆగి, భుజం తట్టి పోయాడు. వెంచరు మీద వాన వాసన వచ్చింది. మల్లవ్వ మూటలోంచి బాలప్ప ధోవతులు తీసి గదిలో దండెం మీద వేసి వచ్చింది. గొంగడి మడత విప్పి తన నెత్తి మీద నుంచి కప్పుకుంది.

"నర్సన్నకు ఏం చెప్తవే?"

"ఏం చెప్త? మనిషిని తోల్కస్తనన్న. నేను మనిషిని గానా?" ఆమె గొంగడి ముడి బిగించింది. "నువ్వు కుక్కను కాయి. నేను గొర్లను కాస్త. ఎవలి మంద వాళ్ళది."

"మల్లవ్వా..."

"మాట్లాడకు. ఇందాక మాట్లాడకన్న కాడ మాట్లాడితివి. ఇప్పుడు అక్కర లేదు."

బాలప్ప గదిలోకి పోయి, గూట్లోంచి బ్లేడ్ల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "గివి సుత తీస్కపో."

"మరి గడ్డం?"

"పెరగనియ్యి."

ఆమె పొట్లం వైపు, అతని మొహం వైపు చూసింది. నవ్వు ఆపుకున్నా ఆగలేదు. "బతుకమ్మ నాటికి బైరాగివైతవ్ పో," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గేటు సందులోంచి అవతలికి జరిగింది. గొంగడి కప్పుకున్న మనిషి వీధి వెంట పోతుంటే కర్రి చెవులు నిక్కబొడుచుకుని, మంద ఎక్కడో ఉందన్నట్టు తోక ఊపింది.

బాలప్ప గేటు మూశాడు. తాళం వేసి చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. మొదటి చినుకులు సీసపెంకుల మీద పడుతున్నాయి. కర్రి గోడ వెంబడి బాట పట్టింది. అతనూ దాని వెనకే ఒక సుట్టు తిరిగి, గేటు దగ్గరికి వచ్చి ఆగి, మళ్ళీ తిరిగాడు.

వాన పెద్దదయ్యాక ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కర్రి అలవాటుగా ఒరిగింది. అతని వేళ్ళు చెవుల వెనకకు, చంకల్లోకి పోయాయి. ఒక గోమారిని పట్టి నలిపాడు. అక్కడి నుంచి వేళ్ళు మెడ మీదికి పాకాయి. తోలు కింద కొత్త గింజ తగిలి పక్కకు జారింది. చేయి ఆగింది. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే దగ్గరయ్యాయి.

బాలప్ప చేయి వెనక్కి తీసుకుని ధోవతికి తుడుచుకున్నాడు. కాసేపు వాన చూశాడు. తరువాత మళ్ళీ కర్రి ఒళ్ళు తడమసాగాడు. వేళ్ళు ఆ చోటు దాకా వచ్చి, పక్క నుంచి పోయాయి.